ఫంక్షన్ హాలు గోల: ‘ఆపండి’ అంటే ఆగదు, ఏం మార్చాలో చెప్పాలి

పక్కన ఫంక్షన్ హాలో, కింద పిండిమరో, వెనక హోటలు ఎగ్జాస్టు ఫ్యానో ఉన్న ఇళ్లవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి ఒకటే పని చేస్తుంటారు. ఇక భరించలేమనుకున్న రాత్రి 100కి ఫోన్ చేస్తారు. బండి వస్తుంది, సౌండు తగ్గుతుంది, బండి మలుపు తిరగ్గానే మళ్లీ పెరుగుతుంది. తెల్లారాక ఆ మాటే ఎవరూ ఎత్తరు. మళ్లీ ముహూర్తం వస్తే మళ్లీ అదే తంతు. ఫోన్ చేయడం తప్పని నేను అనను. చేయాల్సిందే. కానీ దాంతో ఆ ఒక్క రాత్రి గడుస్తుంది, అంతే.

‘గోల ఎక్కువగా ఉంది సార్’ అనే ఫిర్యాదు ఏ ఆఫీసులోనూ నిలవదు. ఓనరు కాదంటాడు, ఆ సమయానికి వచ్చిన అధికారికి ఏమీ వినిపించదు, ఫైలు మూసేస్తారు. ఏ యంత్రం, ఏ వేళల్లో, ఏ దారిన మీ ఇంట్లోకి వస్తోంది, దానికి ఏం మారిస్తే తగ్గుతుంది అన్నవి రాసిన కాగితాన్ని మాత్రం పక్కన పెట్టడం కష్టం. ఎందుకంటే దానికి జవాబు ‘చేశాం’ లేదా ‘చేయలేదు’ అనే చెప్పాలి. వ్యాపారం మూయించాలని తిరిగేవాళ్లకంటే ఒక రబ్బరు బుష్షో, ఒక తలుపో, ఒక వేళో మార్పించాలని తిరిగేవాళ్లకే పని త్వరగా అవుతుందని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే చట్టానికంటే ముందు యంత్రాల సంగతి చెప్తాను.

ముందు దారి కనిపెట్టాలి

శబ్దం ఇంట్లోకి గాలిలో వస్తుంది, లేదా గోడలూ స్లాబులూ పట్టుకుని వస్తుంది. రెండిటికీ మందు వేరు. తేడా తెలుసుకోవడానికి కిటికీ ఒక్కటి చాలు. కిటికీలు, తలుపులు అన్నీ మూసి వినండి. శబ్దం బాగా తగ్గిందంటే అది గాలిలో వస్తున్నది. ఏమీ తగ్గలేదు, పైగా బయటి సందడి తగ్గేసరికి ఇది ఇంకా స్పష్టమైందంటే అది కట్టడంలోంచి వస్తోంది, లేదంటే బేస్, అంటే డీజే దరువులాంటి బాగా లోతైన శబ్దం. అప్పుడు అరచేయి పిల్లరుకు ఆనించి చూడండి. బీరువా తలుపు, కిటికీ అద్దం, పూజగదిలో గంట సన్నగా అదురుతున్నాయేమో గమనించండి. గదిలో నాలుగు అడుగులు అటూ ఇటూ నడవండి. ఒకచోట హోరు, రెండడుగుల అవతల దాదాపు నిశ్శబ్దం అయితే అది కచ్చితంగా బేసే. బేస్ అలలు గది గోడల మధ్య నిలబడిపోతాయి కాబట్టి అలా ఉంటుంది. మూలల్లో ఎప్పుడూ ఎక్కువే. మంచం తలవైపు మూలలో ఉంటే, దాన్ని అక్కణ్నుంచి జరపడం పైసా ఖర్చు లేని ఉపశమనం.

బేస్ దగ్గర అందరూ పొరబడేది కాంపౌండు గోడ విషయంలో. 50 హెర్ట్‌జ్ (సెకనుకు 50 సార్లు అదిరే) శబ్దపు అల పొడవు దాదాపు 7 మీటర్లు. ఆరడుగుల గోడను అది లెక్కే చేయదు. అశోక చెట్ల వరస కూడా అంతే. దట్టమైన తోట 30 మీటర్ల వెడల్పున ఉంటేగానీ 5 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) తగ్గవు. చెట్లు వద్దని కాదు, వాటి మీద ఆశ పెట్టుకుని రెండేళ్లు ఎదురుచూడొద్దని.

పిండిమర

అపార్టుమెంటు కింద షాపులో మర పెడితే పై అంతస్తువాళ్లకు వినిపించేది సగం గాలిలోంచి, సగం పిల్లర్లలోంచి. సంక్రాంతికి ముందు అరిసెల పిండి రోజులు, ఎండాకాలంలో కారం పట్టించే రోజులు, ఈ రెండు సీజన్లలో ఉదయం నుంచి రాత్రి దాకా ఆడుతూనే ఉంటుంది. ఫిర్యాదు వస్తే ఓనరు చేసే మొదటి పని మోటారు కింద పాత టైరు ముక్కో, చెప్పు సోలో దూర్చడం. చాలాసార్లు దానివల్ల అదురు పెరుగుతుంది కూడా. ‘రబ్బరు కూడా పెట్టాం, ఇంకేం చేయాలి’ అని ఆయన, ‘పెట్టాక ఇంకా ఎక్కువైంది’ అని పైవాళ్లు. ఇద్దరూ చెప్పేది నిజమే.

ఎందుకంటే, నిమిషానికి 1440 చుట్లు తిరిగే మామూలు మోటారు సెకనుకు 24 సార్లు అదురుతుంది. దాని కింద పెట్టిన రబ్బరుకు కూడా తనదంటూ ఒక ఊగే వేగం ఉంటుంది. బరువు పెట్టాక రబ్బరు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో చూసి, ఆ సంఖ్య వర్గమూలంతో 15.8ని భాగిస్తే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. గట్టి టైరు ముక్క అర మిల్లీమీటరే కుంగిందనుకోండి, లెక్క 22 దగ్గర తేలుతుంది. మోటారు 24, రబ్బరు 22. రెండూ దగ్గర దగ్గర కాబట్టి ఒకదాన్నొకటి ఊపుకుంటాయి. ఉయ్యాలను సరైన వేళకు తోసినట్టు. అదురు తగ్గాలంటే రబ్బరు లేదా స్ప్రింగు ఊగే వేగం మోటారుదాంట్లో మూడో వంతుకు మించకూడదు, అంటే 8. దానికి బరువు కింద దాదాపు 4 మిల్లీమీటర్లు కుంగే మౌంటు (యంత్రం కింద పెట్టే ఆధారం) కావాలి. చెప్పు సోలుతో అయ్యే పని కాదు. యంత్రం బరువుకు తగ్గట్టు కొన్న స్ప్రింగు మౌంట్లు, లేదా నియోప్రిన్ అనే మెత్తటి రబ్బరు మౌంట్లు వేయాలి. మర, మోటారు రెండూ ఒకే ఫ్రేము మీద ఉండాలి. విడివిడిగా ఉంటే బెల్టు లాగుడుకు మౌంట్లు పక్కకు ఒరిగిపోతాయి. ఆ ఫ్రేమును యంత్రం బరువుకు ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండే కాంక్రీటు దిమ్మ మీద బిగించి, దిమ్మ కింద మౌంట్లు పెడితే ఇంకా మంచిది. దిమ్మ చుట్టూ సందు వదలాలి. మేస్త్రీ అలవాటు కొద్దీ ఆ సందును సిమెంటుతో పూడ్చేస్తే పెట్టిన ఖర్చంతా వృథా. అదురు ఆ సిమెంటులోంచే నేరుగా స్లాబులోకి దిగిపోతుంది. పని జరిగేటప్పుడు ఎవరో ఒకరు దగ్గరుండి చూడాల్సింది ఈ ఒక్క విషయమే.

యంత్రాన్ని గోడకు తగిలించిన పైపులు, మోటారు నుంచి గోడ మీదికి బిగుతుగా వెళ్లే కరెంటు గొట్టం, గోడకు ఆనుకున్న హాపరు (గింజలు పోసే తొట్టి), వీటన్నిటిలోంచీ అదురు పాకుతుంది. కరెంటు తీగను ఒక చుట్ట వదిలి మెత్తటి గొట్టంలో పెట్టాలి. అరిగిన బెల్టు చప్పుడు, పుల్లీలు సమంగా లేకపోవడం, బేరింగు ఊళ వేయడం మెకానిక్ ఒక్కపూటలో సరిచేసేవి. ఇవి బాగుచేస్తే మరకీ మంచిదే. ఓనరుతో మాట మొదలుపెట్టడానికి ఇదే మంచి దారి.

జనరేటరు

హాలుకీ హోటలుకీ ఉండే జనరేటరు విషయంలో మీ వైపు గట్టి నిబంధన ఉంది. 2005 జనవరి 1 తర్వాత తయారైన, 1000 కేవీఏ (జనరేటరు సామర్థ్యపు కొలత) లోపు డీజిల్ జనరేటరు దాని పెట్టె నుంచి 1 మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు. శబ్దం ఆపే ఆ పెట్టె ఫ్యాక్టరీలోనే బిగించి రావాలి. ఈ లెక్కలోకి రాని పాత జనరేటర్లకైతే, వాటిని పెట్టిన గది గానీ పెట్టె గానీ కనీసం 25 డెసిబెల్స్ ఆపాలి. పొగగొట్టం సైలెన్సరు కూడా కనీసం 25 తగ్గించాలి.

మరి ఇన్ని నిబంధనలున్నా గోల ఎందుకు? తలుపులు తెరిచి నడుపుతారు. చాలాచోట్ల కారణం ఇదొక్కటే. ఇంజను వేడెక్కుతోందని ఆపరేటరు పెట్టె తలుపులు బార్లా తీస్తాడు. గాలి వచ్చే జాలీ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది, లేదా వేడిగాలి పోయే వైపు ఎవరో గోడ కట్టి ఉంటారు, అందుకే వేడెక్కుతుంది. కాబట్టి ‘తలుపు మూయండి’ అని చెప్తే సరిపోదు, గంట తర్వాత మళ్లీ తీస్తారు. జాలీ శుభ్రం చేయమని, రేడియేటరు ముందు అడ్డు తీయమని అడగాలి. తర్వాత చూడాల్సింది తలుపు అంచుల రబ్బరు. ఎండకు పెళుసుబారి ముక్కలై ఉంటుంది, మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు. ఆ తర్వాత తుప్పు పట్టి చిల్లులు పడిన సైలెన్సరు. పొగగొట్టం ఎత్తుకు కూడా లెక్క ఉంది. జనరేటరు ఉన్న భవనం ఎత్తుకు పైన, కేవీఏ వర్గమూలంలో ఐదో వంతు మీటర్లు ఉండాలి. 100 కేవీఏకి అది 2 మీటర్లు. పెట్టె పక్కనే, మీ కిటికీ ఎత్తులో పొగ వదులుతుంటే ఆ ఒక్క ఫొటో చాలు, ఫిర్యాదుకు ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

నిమిషానికి 1500 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజను సెకనుకు 50 సార్లు పేలుతుంది. పైన చెప్పిన 7 మీటర్ల అల ఇదే. అందుకే జనరేటరును గోడ చాటుకు జరిపాం అనే జవాబును ఒప్పుకోకండి. దూరం జరిపితే ఫలితం ఉంటుంది. ఆరుబయట దూరం రెండింతలైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతాయి.

హోటలు ఎగ్జాస్టు ఫ్యాను గురించి రెండు మాటలు. రెక్కలకు జిడ్డు ఒక వైపు ఎక్కువగా పేరుకుంటే తూకం తప్పి అదురుతుంది, క్రమం తప్పకుండా కడగాలి. ఫ్యానుకూ రేకు గొట్టానికీ మధ్య కాన్వాసు జాయింటు ఉండాలి. వేగం 20 శాతం తగ్గిస్తే 5 డెసిబెల్స్ తగ్గుతాయి, కరెంటు ఖర్చు కూడా సగానికి పడుతుంది. వంటలు లేని వేళ, రాత్రి గిన్నెలు కడిగే గంటల్లో పూర్తి వేగం ఎందుకు? వేగం తగ్గించే డ్రైవు పెట్టించమని అడగండి. కరెంటు బిల్లు మాటతో ఒప్పుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

డీజే, రేకుల హాలు

అన్నిటికంటే కష్టమైనది ఇది. ఊళ్ల శివార్లలో, బస్తీల మధ్య కట్టిన హాళ్లలో చాలావాటికి పైకప్పు రేకులే. అర మిల్లీమీటరు రేకు చదరపు మీటరుకు 4 కిలోలు తూగుతుంది. రెండువైపులా ప్లాస్టరింగు చేసిన తొమ్మిది అంగుళాల ఇటుక గోడ 400 కిలోలకు పైనే. శబ్దాన్ని ఆపేది బరువు. రేకు పాటలోని గొంతును కొంత ఆపుతుంది, బేస్‌ను దాదాపు ఏమీ ఆపదు. అందుకే పక్కింట్లో పాట ఏదో తెలియదు, దరువు మాత్రం గుండెల మీద కొడుతుంది. లోపల పీవోపీ సీలింగు వేశాం, గోడలకు ఫోము అతికించాం అని హాలువాళ్లు చూపిస్తారు. ఫోము లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది. బయటికి పోయేదాన్ని ఆపడానికి దానికి బరువే లేదు. కోడిగుడ్ల అట్టలు కూడా అంతే.

‘సౌండు సగం చేశాం’ అనేది ఇంకో జవాబు. ఆంప్లిఫయరు పవరు సగం చేస్తే తగ్గేది 3 డెసిబెల్సే, చెవికి తేడా తెలిసీ తెలియనట్టు ఉంటుంది. చెవికి సగమైనట్టు అనిపించాలంటే 10 డెసిబెల్స్ తగ్గాలి, అంటే పవరు పదో వంతుకు రావాలి. బాక్సులను అటు తిప్పామన్న మాట కూడా బేస్ విషయంలో పనికిరాదు. సబ్‌వూఫర్ (బేస్ కోసమే పెట్టే బాక్సు) శబ్దం అన్ని వైపులా దాదాపు సమానంగా పోతుంది. అయితే సౌండు పని బాగా తెలిసినవాళ్లు చేసే ఏర్పాటు ఒకటుంది. సబ్‌లలో కొన్నిటిని వెనక్కి తిప్పి, వాటికి కొంచెం ఆలస్యం పెట్టి, ధ్రువం తారుమారు చేస్తే వెనక వైపు బేస్ 10 డెసిబెల్స్ పైనే తగ్గుతుంది. ముందువైపు డ్యాన్సు చేసేవాళ్లకు లోటు ఉండదు. మీ ఇల్లు వేదిక వెనక ఉంటే ఈ మాట అడగడం న్యాయమే.

నిలకడగా పనిచేసేది మాత్రం హాలు సొంత సౌండు సిస్టం, దానికి తాళం వేసిన లిమిటరు (సౌండు ఒక హద్దు దాటకుండా ఆపే పరికరం), బయటి బాక్సులు తేకూడదని బుకింగు కాగితంలో షరతు, ఆ షరతుకు డిపాజిట్. ఈ నాలుగూ కలిసి ఉండాలి. లిమిటరు ఉండి బయటి డీజే వస్తే లిమిటరు అలంకారమే అవుతుంది. షరతు ఉండి డిపాజిట్ లేకపోతే పెళ్లివారితో గొడవ ఎందుకని మేనేజరు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. పెళ్లివాళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం ఉండదు. వాళ్లకు అది ఒక్క రాత్రి, హాలుకు ఏడాదికి ఎన్నో రాత్రులు. బాధ్యత హాలుదే.

కొలవడం, రాసిపెట్టడం

ఫోన్లో యాప్ పనికొస్తుందా? పోల్చి చూడటానికి పనికొస్తుంది. యంత్రం ఆగినప్పుడు ఎంత, నడుస్తున్నప్పుడు ఎంత అన్నది ఒకే ఫోనుతో, ఒకే చోట తీస్తే ఆ తేడాకు విలువ ఉంది. విడి అంకెను మాత్రం నమ్మలేం. చాలా ఫోన్లు బేస్‌ను కోసేస్తాయి, పెద్ద శబ్దాన్ని వాటంతట అవే అణిచేస్తాయి. మామూలు మీటరు ఒకటి కాలనీ సంఘం పేర కొనడం మేలు. కొలిచేటప్పుడు కిటికీ బయట 1 మీటరు దూరంలో, నేలకు 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తులో పట్టుకోండి. మైకుకు ఫోము బంతి తొడగండి, లేకపోతే గాలి కూడా లెక్కలోకి వస్తుంది. యంత్రం నడిచేటప్పటి అంకెకూ ఆగినప్పటి అంకెకూ తేడా 10 డెసిబెల్స్ ఉంటే నడిచేటప్పటి అంకె దాదాపు పూర్తిగా యంత్రానిదే. 3 లోపు ఉంటే ఆ కొలత చెల్లదు, రోడ్డు రద్దీ తగ్గాక మళ్లీ తీయాలి.

మీటరు మీద ‘ఏ’, ‘సీ’ అని రెండు రీతులుంటాయి. రెండింటిలోనూ కొలవండి. చట్టం అడిగేది ‘ఏ’. కానీ ‘ఏ’ రీతి 63 హెర్ట్‌జ్ దగ్గర 26 డెసిబెల్స్ తీసేసి చూపిస్తుంది. డీజే బేస్‌కు మీటరు తక్కువ చూపించి, మీకు నిద్ర లేకపోవడానికి కారణం అదే. ‘సీ’ అంకె ‘ఏ’ కంటే 15, 20 ఎక్కువగా ఉంటే అది బేస్ సమస్య అని కాగితం మీద రుజువు. అధికారి దగ్గర ‘మీటరు ప్రకారం బానే ఉంది’ అన్న మాట వచ్చినప్పుడు చూపించాల్సింది దీన్నే.

రెండు వారాలు నోట్సు రాయండి. తేదీ, మొదలైన వేళ, ఆగిన వేళ, ఏ యంత్రం, అంకెలు, ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేశారు, ఎవరు వచ్చారు, వచ్చాక ఏమైంది. చలికాలం రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడి శబ్దం ఎక్కువ దూరం వంగి వస్తుంది, అందుకే చలి రాత్రులని కూడా రాయండి. లేకపోతే వేసవిలో తనిఖీకి వచ్చినవాళ్లు మీరు అతిశయోక్తి చెప్పారనుకుంటారు. మూడు ఇళ్లవాళ్లు విడివిడిగా రాసిన నోట్సు ఒకే వేళలు చూపిస్తే అది ముప్ఫై సంతకాల కంటే బలమైనది. వీడియోలు తీస్తే అసలు ఫైలు ఫోనులోనే ఉంచండి. కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం ఇవ్వాలి, వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన కాపీకి అది కష్టం.

చట్టం ఏమంటుంది

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వాణిజ్య ప్రాంతంలో 65, 55. పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో 50, 40. పగలు అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు.

రాత్రి 10 లోపు ఎంత సౌండైనా చెల్లుతుందని హాలువాళ్లు, చాలామంది కానిస్టేబుళ్లు, చివరికి బాధపడేవాళ్లు కూడా నమ్ముతారు. అది తప్పు. లౌడ్‌స్పీకరుకు పగలైనా రాతపూర్వక అనుమతి కావాలి. ప్రైవేటు స్థలంలో వాడే సౌండు సిస్టం ఆ స్థలం సరిహద్దు దగ్గర, ఆ ప్రాంతపు పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. అంటే నివాస ప్రాంతంలో సాయంత్రం 7 గంటలకైనా హాలు గేటు దగ్గర 60 దాటితే ఉల్లంఘనే. 10 తర్వాత లౌడ్‌స్పీకరుకు ఉన్న మినహాయింపు నాలుగువైపులా మూసిన హాళ్లకు, లోపలివాళ్లకు వినిపించేంతవరకే. పక్కలు తెరిచి ఉన్న షెడ్డు మూసిన హాలు కాదు. ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అది సాంస్కృతిక, మతపరమైన పండుగ సందర్భాలకు. ప్రతి పెళ్లి రిసెప్షనూ అందులోకి రాదు.

‘ఇది కమర్షియల్ రోడ్డండీ’ అంటారు. ఏ ప్రాంతం ఏ తరగతో నిర్ణయించేది ప్రభుత్వం, వీధిలో నాలుగు షాపులు వెలిసినంత మాత్రాన మారదు. వాణిజ్యమే అనుకున్నా రాత్రి పరిమితి 55.

ఈ నియమాల కింద ఫిర్యాదు తీసుకోవాల్సింది కలెక్టరు, పోలీసు కమిషనరు, లేదా డీఎస్పీకి తగ్గని స్థాయిలో నియమించిన అధికారి. పరిమితిని 10 డెసిబెల్స్ లేదా అంతకుమించి దాటినా, రాత్రి ఆంక్షలను ఉల్లంఘించినా ఫిర్యాదు చేయొచ్చు. కాబట్టి స్టేషనులో ఎస్సై గారికి ఇచ్చిన కాగితం ప్రతిని ఏసీపీకో డీఎస్పీకో పంపి రసీదు తీసుకోండి. తెలంగాణలో సోమవారం ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉన్నాయి, అక్కడ ఇచ్చే నంబరుతో ఫైలు ఎక్కడుందో అడగొచ్చు. యంత్రాల గోలయితే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, ట్రేడ్ లైసెన్సు ఇచ్చిన మున్సిపాలిటీకి కూడా రాయాలి. 10 రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో ట్రేడ్ లైసెన్సు నకలు, భవనం ప్లానులో రాసిన వినియోగం, మండలి ఇచ్చిన అనుమతి ఉంటే దాని షరతులు, ఫలానా తేదీలకు ఇచ్చిన లౌడ్‌స్పీకరు అనుమతులు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఇళ్ల ప్లాను మీద హాలు నడుస్తోందని తేలితే ఆ తర్వాత డెసిబెల్స్ గొడవే అక్కర్లేదు.

మీటరు లేకపోయినా ఒక దారి ఉంది, దీన్ని జనం వాడుకోవడం లేదని నాకు బాధ. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద, ఒక వ్యాపారం జనం ఆరోగ్యానికీ శరీర సౌఖ్యానికీ చేటు చేస్తుంటే దాన్ని ఆపమని లేదా క్రమబద్ధం చేయమని ఆర్డీఓ షరతుతో ఉత్తర్వు ఇవ్వొచ్చు. పాత సీఆర్‌పీసీలో ఇదే 133వ సెక్షను. ఇక్కడ 10 డెసిబెల్స్ లెక్క అడగరు, జనానికి ఇబ్బంది అని చూపిస్తే చాలు. అందుకే మూడు, నాలుగు ఇళ్ల నోట్సు ముఖ్యం. ఒక్క ఇంటికే తగిలే అదురయితే, మర పైనున్న ఫ్లాటులాగా, సివిల్ కోర్టులో ఇంజంక్షను (ఆపమనే ఉత్తర్వు) సరైన దారి. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లు సమస్య మొదలైన 6 నెలల్లోపు దరఖాస్తు చేయాలన్న గడువు మరవొద్దు. ఇన్నిటి వెనకా 2005 జులై 18న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. వినడం ఇష్టం లేనివాళ్ల చెవుల్లోకి బలవంతంగా శబ్దం పంపే హక్కు ఎవరికీ లేదని, ప్రశాంతంగా బతకడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని కోర్టు తేల్చింది.

ఫిర్యాదు ఒక పేజీ మించొద్దు. మచ్చుకు ఇలా రాయొచ్చు: ‘హాలు ఉత్తరపు గోడ పక్కనున్న డీజిల్ జనరేటరును పెట్టె తలుపులు తెరిచి నడుపుతున్నారు. పొగగొట్టం మా మొదటి అంతస్తు కిటికీ ఎత్తులో ఉంది. జతచేసిన పట్టికలోని తేదీలలో రాత్రి 10 తర్వాత కిటికీ బయట కొలతలు ఇవి. తలుపులు మూసి నడిపేలా గాలి దారి సరిచేయించాలని, తలుపు రబ్బర్లు, సైలెన్సరు మార్పించాలని, పొగగొట్టం నిర్ణీత ఎత్తుకు పెంచాలని కోరుతున్నాం.’ ఇందులో తిట్లు లేవు, ఓనరు కులం, పార్టీ ప్రస్తావన లేదు. వచ్చిన ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టుకుని ఒక్కొక్కటి చూసుకుంటూ పోయేలా ఉంది.

మీ కిటికీ సంగతి

నిద్ర లేనివాళ్లు ముందు తమ ఇంటికే డబ్బు పెడతారు. అద్దాల దుకాణంవాళ్లు ‘సౌండ్‌ప్రూఫ్’ అని అమ్ముతారు. అసలు లెక్క ఇది. గోడ ఎంత మందమున్నా అందులో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే ఆ మొత్తం ఆపగలిగేది 20 డెసిబెల్సే. 1.2 మీటర్ల చదరపు కిటికీకి చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు ఉంటే ఆ కిటికీలో సరిగ్గా నూటికి ఒక వంతు అవుతుంది. పక్కకు జరిగే కిటికీలకు ఆ సందు పుట్టుకతోనే ఉంటుంది. కాబట్టి అద్దం మందానికి పెట్టే డబ్బు ముందు, రబ్బరు అంచుతో బిగుసుకునే రెక్క కిటికీకి పెట్టాలి. ఉన్న కిటికీకి లోపల 100 మిల్లీమీటర్ల దూరంలో ఇంకో కిటికీ, వేరే మందం అద్దంతో పెడితే మాటలు, హారన్లు, జనరేటరు రొద బాగా తగ్గుతాయి. బేస్‌కు మాత్రం ఇదీ అంతంతే. పైగా మే నెలలో కిటికీలన్నీ బిగించుకుని ఏసీ వేసుకుని పడుకోమనడం శబ్దం చేసేవాడి ఖర్చును మీ కరెంటు బిల్లులోకి మార్చడమే. తాత్కాలికంగా చేసుకుంటే తప్పులేదు. సమస్య తీరిందని మాత్రం ఫిర్యాదు వదలొద్దు.

ఎప్పుడు అడగాలి

గొడవ జరిగిన రాత్రి హాలుకు వెళ్లొద్దు. అక్కడున్నవాళ్లు చుట్టాలు, తాగినవాళ్లు, ఆ రోజుకు వచ్చిన డీజే కుర్రాళ్లు. నిర్ణయం తీసుకునేవాడు ఉండడు. పనిలేని పూట, పదకొండింటికి, ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లి ఓనరును కలవాలి. ‘అన్నా, మీ వ్యాపారానికి మేం అడ్డం కాదు. ఒకసారి జనరేటరు తలుపులు మూసి పది నిమిషాలు నడిపించండి, మా పైన కూర్చుని మీరే వినండి’ అనండి. ఓనరు మీ పడకగదిలో పది నిమిషాలు కూర్చోవడం మీరిచ్చే పది కాగితాలతో సమానం. ఒప్పుకుంటే ఏ పని, ఏ తేదీలోపు అన్నది రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. ఒప్పుకోకపోతే ఆ కలిసిన తేదీని మీ నోట్సులో రాసి, పైన చెప్పిన కాగితం పంపండి.

హాళ్లకు ఆషాఢంలోనూ, మూఢం నడిచే రోజుల్లోనూ బుకింగులు ఉండవు. కప్పు కింద బరువైన బోర్డు పొర వేయడం, జనరేటరు జరపడం, లిమిటరు పెట్టడం ఏదైనా ఆ ఖాళీలోనే అవుతుంది. మాఘమాసం మధ్యలో అడిగితే ‘ముహూర్తాలు అయ్యాక చూద్దాం’ అనే అంటారు, అది నిజం కూడా. పంచాంగం చూసి మూఢం ఎప్పుడు మొదలవుతుందో తెలుసుకుని, దానికి నెల ముందే మాట కుదుర్చుకోండి. పని అయ్యాక, మూఢం వెళ్లిన మొదటి ముహూర్తం రాత్రి, అదే మీటరుతో, అదే కిటికీ బయట, అదే ఎత్తులో మళ్లీ కొలిచి పాత పట్టిక కిందే కొత్త వరస రాయండి.